సెల్లార్‌లో ఆయిల్ చుక్కలు: ఇంజన్ దించమంటున్నారు, నిజంగా అవసరమా?

నాగోల్_డ్రైవ్
అందరికీ నమస్తే. బండి 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్లు, 4 సిలిండర్లు, టైమింగ్ చైన్ ఇంజన్. 86,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ పొద్దున సెల్లార్‌లో బండి కింద మూడు నాలుగు చుక్కలు ఉంటున్నాయి. ఆయిల్ మార్చి 45 రోజులైంది, 1,500 కిలోమీటర్లు నడిచింది. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద పై గీత దగ్గర ఉన్న ఆయిల్ ఇప్పుడు సగానికి కాస్త పైదాకా దిగింది. పొగ లేదు, పికప్ బాగుంది, ఆయిల్ లైటు వెలగట్లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం అప్పుడప్పుడూ కాలిన వాసన వస్తోంది. ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకరు క్లచ్ సైడు సీల్ (ఇంజన్ గేర్‌బాక్స్‌తో కలిసే చోట ఆయిల్‌ను ఆపే రబ్బరు రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలన్నారు. ఇంకొకరు ఫుల్ ప్యాకింగ్ సెట్ (అతుకుల మధ్య వేసే గాస్కెట్లు) వేసి బోర్ పని, అంటే ఇంజన్ విప్పి సిలిండర్లు, రింగుల పని కూడా చేయించేయమన్నారు. ఒప్పుకునే ముందు ఏమేం చూసుకోవాలి?

తార్నాక_టెక్
ముందు లెక్క చూద్దాం అన్నా. చిన్న కార్లలో చాలావాటికి డిప్‌స్టిక్ కింది గీతకూ పై గీతకూ మధ్య సుమారు ఒక లీటరు ఉంటుంది. అంటే మీకు దాదాపు 400 మిల్లీలీటర్లు తగ్గింది. ఆయిల్ 20 చుక్కలు కలిస్తే అటూ ఇటూగా ఒక మిల్లీలీటరు. రోజుకు 4 చుక్కల చొప్పున 45 రోజులకు 9 మిల్లీలీటర్లు. మిగతా 390 ఏమైనట్టు? సెల్లార్ నేల మీద కనిపించేది అసలు నష్టంలో నలభయ్యో వంతు కూడా కాదు.

కాబట్టి రెండు దారులే ఉన్నాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు, ప్రెషర్ ఉన్నప్పుడు మాత్రమే ఎక్కడో కారుతోంది, అది రోడ్డు మీదే పోతోంది. లేదా ఇంజన్ ఆయిల్‌ను లోపలికి లాగి కాల్చేస్తోంది. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) కింద ఆయిల్‌కు ప్రెషర్ ఉండదు, పైనుంచి జారి కిందికి దిగడమే. ఫిల్టర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్ (ఆయిల్ లైటును వెలిగించేది) దగ్గర అలా కాదు. ఇంజన్ తిరుగుతుంటే అక్కడ రెండు మూడు బార్ల ప్రెషర్ ఉంటుంది, కాస్త సందు దొరికినా చాలు.

ఇంకో మాట. డిప్‌స్టిక్ ఎక్కడ చూస్తున్నారు? అపార్ట్‌మెంట్ సెల్లార్లకు నీళ్లు పోవడానికి వాలు పెడతారు. ర్యాంపు పక్క స్లాటైతే ఇంకా ఎక్కువ. ఇవాళ ఒకచోట, రేపు ఇంకోచోట చూస్తే గీత పావు వంతు అటూ ఇటూ అవుతుంది. సమంగా ఉన్న ఒకే చోటు ఎంచుకోండి. బండి ఆపాక పది నిమిషాలు ఆగండి. ఒకసారి తుడిచి, మళ్లీ ముంచి చూడండి.

మల్కాజ్‌గిరి_రోడ్స్
ఇంత కష్టం ఎందుకు బ్రదర్. స్టాప్ లీక్ డబ్బా ఒకటి పోసి, 20డబ్ల్యూ-50 ఆయిల్ వేసేయండి. చిక్కగా ఉంటుంది, కారదు.

ఉప్పల్_గ్యారేజ్
అలా చేయకండి. ఈ ఇంజన్లు పల్చటి ఆయిల్ కోసం కట్టినవి. వాల్వ్ టైమింగ్‌ను మార్చే భాగానికి ఆయిల్ వెళ్లే దారులు సన్నగా ఉంటాయి. పొద్దున స్టార్ట్ చేయగానే చిక్కటి ఆయిల్ పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ చైన్, క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) సరిపడా ఆయిల్ లేకుండా తిరుగుతాయి. బండి పుస్తకంలో ఏ గ్రేడ్ రాస్తే అదే వాడాలి.

స్టాప్ లీక్ చేసే పని రబ్బరును ఉబ్బించి మెత్తబరచడం. గట్టిపడిన సీల్ దగ్గర కొన్నాళ్లు ఆగొచ్చు. స్విచ్ లోపలి పొర చిరిగినా, చైన్ కవర్ అతుకులోని సిలికాన్ జిగురు ఊడినా, వాషర్ నలిగినా అది ఏమీ చేయలేదు. పైగా బాగున్న సీళ్లు కూడా ఉబ్బుతాయి.

నాగోల్_డ్రైవ్
డిప్‌స్టిక్ ఒకే చోట చూస్తున్నాను, విజిటర్ పార్కింగ్ దగ్గర నేల సమంగా ఉంటుంది. అసలు ఇది ఇంజన్ ఆయిలే అని ఎలా తేల్చుకోవాలి? నేల మీద నల్లగా కనిపిస్తోంది.

సీల్_అండ్_షాఫ్ట్
తెల్ల టిష్యూ పేపర్ మీద చుక్క పట్టండి. గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండి, వేళ్ల మధ్య జారితే ఇంజన్ ఆయిల్. తేనె రంగులో ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీగానో ఉండి తియ్యటి వాసనొస్తే కూలెంట్. ఎండాకాలంలో ఎడమ ముందు సీటు కిందుగా పడే నీళ్లు ఏసీవి, వాటి జోలికి వెళ్లక్కర్లేదు. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య అతుకు దగ్గర కారుతున్నప్పుడు ఈ వాసన పరీక్ష చాలా ముఖ్యం. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ లీకైనా ఆయిల్ అక్కడినుంచే వస్తుంది.

ఉప్పల్_గ్యారేజ్
ఇప్పుడు అసలు పని. మురికి ఇంజన్ మీద లీకు వెతకడం కుదరదు. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డులో అన్నీ తడిగానే కనిపిస్తాయి, అందుకే ఇద్దరు మెకానిక్‌లు రెండు రకాలుగా చెప్పారు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక కింది ప్లాస్టిక్ షీల్డు విప్పండి. అది ఉన్నంతకాలం చుక్క ఎక్కడ పడిందో తెలియదు, ఆయిల్ షీల్డు మీద పారి వెనక రంధ్రంలోంచి దిగుతుంది. బండి ఎత్తాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కిందికి దూరొద్దు, రెండు వైపులా స్టాండ్లు పెట్టాలి. ఆల్టర్నేటర్, ఇగ్నిషన్ కాయిల్స్, ఫ్యూజు పెట్టె, గాలి పైపు మూతి ప్లాస్టిక్ కవర్లతో కట్టేయండి. డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) కొట్టి పది నిమిషాలు నాననిచ్చి బ్రష్‌తో రుద్దండి. నీళ్లు మెల్లగా పోయాలి. హై ప్రెషర్ గన్ వద్దు, సెన్సార్ కనెక్టర్లలోకి నీరు దూరుతుంది. తర్వాత గాలితో ఆరబెట్టి, అతుకుల మీద బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడవండి. బ్రేక్ క్లీనర్ వేడి ఇంజన్ మీద ఎప్పుడూ కొట్టకూడదు, అంటుకుంటుంది.

ఆరాక అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. టాపెట్ కవర్ అంచు చుట్టూ, చైన్ కవర్ అతుకు, ఫిల్టర్ పైభాగం, ప్రెషర్ స్విచ్, చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు, క్లచ్ సైడు అతుకు. బెల్టు మీద పడకుండా చూడండి. 15 నిమిషాలు ఐడిల్‌లో నడిపి చూడండి. తర్వాత ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 20 కిలోమీటర్లు తిప్పుకుని వచ్చి మళ్లీ చూడండి. ఈ రెండింటినీ కలపకూడదు. ఐడిల్‌లో పొడిగా ఉండి స్పీడుకు తడిస్తే ప్రెషర్ సంగతి. ఆపిన గంటకు తడిస్తే పైనుంచి జారేది.

చూసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఆయిల్ కిందికి జారుతుంది, ముందునుంచి వచ్చే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకని తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే మూలం. చుక్క పడే చోటు చివరి స్టేషన్ మాత్రమే.

పౌడర్‌తో తేలకపోతే యూవీ డై (యూవీ వెలుగులో మెరిసే రంగు) ఉంది. ఆయిల్‌కు సరిపడే రకం, డబ్బా మీద రాసినంతే కలిపి, 20 నిమిషాలు నడిపి, పసుపు కళ్లద్దాలతో యూవీ టార్చి వేసి చూడాలి. చీకటి సెల్లార్ దీనికి బాగా పనికొస్తుంది. రాత్రికి బండి కింద అట్టపెట్టె పరిచి, ముందు టైర్లు ఎక్కడున్నాయో పెన్నుతో గీయండి. పొద్దున చుక్కల చోటు ఇంజన్‌లో ఏ భాగం కిందో తెలిసిపోతుంది.

బోడుప్పల్_డీజిల్
ఒక హెచ్చరిక. వాష్ సెంటర్‌లో కింద మెరుపు కోసం డీజిల్ స్ప్రే చేస్తామంటారు. ఒప్పుకోవద్దు. రెండు రోజులు అంతా తడిగా మెరుస్తుంది, లీకు వెతకడం అసాధ్యం. రబ్బరు బుష్‌లు, బెల్టు కూడా పాడవుతాయి.

నాగోల్_డ్రైవ్
శనివారం చెప్పినట్టే చేశాను. టిష్యూ మీద గోధుమ రంగు, ఘాటు వాసన లేదు, కాబట్టి ఇంజన్ ఆయిలే. ఐడిల్‌లో ఎక్కడా పెద్దగా తడి లేదు. ఓఆర్ఆర్ తిరిగొచ్చాక మూడు చోట్ల పౌడర్ తడిసింది. టాపెట్ కవర్ చైన్ వైపు మూల నుంచి సన్నటి గీత దిగింది, ఎగ్జాస్ట్ షీల్డు మీద కాలిన మరక ఉంది. ప్రెషర్ స్విచ్ చుట్టూ బాగా తడి, కనెక్టర్ లాగితే లోపల కూడా ఆయిల్ నిండి ఉంది. క్లచ్ సైడు అతుకు కింద ఒక చుక్క. డ్రెయిన్ ప్లగ్గు, ఫిల్టర్, చాంబర్ పొడిగా ఉన్నాయి.

తార్నాక_టెక్
చాలా స్పష్టంగా తేలింది. కనెక్టర్ లోపల ఆయిల్ అంటే స్విచ్‌లోని పొర చిరిగింది, బిగించినా ఆగదు, మార్చాల్సిందే. 400 మిల్లీలీటర్లలో ఎక్కువ భాగం అక్కడే పోతోందని నా అంచనా. సిగ్నల్ దగ్గర వాసన మాత్రం టాపెట్ కవర్‌ది. ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడటం కేవలం వాసనతో పోయే విషయం కాదు, మంటలకు దారి తీయొచ్చు. దాన్ని వాయిదా వేయకండి.

కానీ ప్యాకింగ్ కొనేముందు పీసీవీ వాల్వ్ చూడండి. పిస్టన్ రింగుల సందుల్లోంచి కాస్త గ్యాస్ చాంబర్‌లోకి దిగుతూనే ఉంటుంది. దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే దారి ఇది. అది మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి ఎక్కడ రబ్బరు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను తోస్తుంది. అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్‌లో రోజూ ఐదారు కిలోమీటర్లు పాకే బండ్లలో ఆయిల్ సరిగా వేడెక్కదు. తేమ ఆవిరి కాక పీసీవీలో మీగడ లాంటి మడ్డి పేరుకుంటుంది. అది చూడకుండా కొత్త ప్యాకింగ్ వేస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే చోట చెమర్చుతుంది.

వాల్వ్ విప్పి చెవి దగ్గర ఊపండి, లోపల గోలీ కదిలి టకటక వినిపించాలి. తర్వాత హోస్‌కు తగిలించి, ఐడిల్‌లో దాని మూతి వేలితో మూయండి, లాగుతున్నట్టు తెలియాలి. వాల్వ్ మళ్లీ బిగించి, ఆయిల్ పోసే మూత తీసి పల్చటి కాగితం పెట్టి చూడండి. మెల్లగా అతుక్కుంటే సరే, ఎగిరిపోతుంటే లోపల ప్రెషర్ ఉన్నట్టే. మూత తీసినప్పుడు ఐడిల్ కాస్త తడబడటం చాలా ఇంజన్లలో మామూలే.

సీల్_అండ్_షాఫ్ట్
క్లచ్ సైడు చుక్క గురించి. దాన్ని చూసే మొదటి మెకానిక్ సీల్ అనుకుని ఉంటారు. సీల్ పోయిందనడానికి ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. పైన అతుకు తడిగా ఉందా, కింద మాత్రమేనా? క్లచ్ జారుతోందా? అంటే మూడో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్పీఎం పెరిగి స్పీడు పెరగకపోవడం. స్విచ్ నుంచి కారిన ఆయిల్ బ్లాక్ మీదుగా పారి ఆ అతుకు దగ్గరికి చేరొచ్చు. పై రెండు లీకులు ఆపి, మళ్లీ కడిగి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాకే గేర్‌బాక్స్ మాట ఎత్తండి. నిజంగా దించాల్సి వస్తే సీల్‌తో పాటు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా చూసి మార్చుకోవాలి, కూలి ఒక్కసారే అవుతుంది.

బోర్ పని మాట ఇంకా దూరం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు పోయినట్టు. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు. రెండూ లేనప్పుడు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ప్రెషర్ కొలవడం) కూడా చేయకుండా ఇంజన్ విప్పమనడం తప్పు.

నాగోల్_డ్రైవ్
పీసీవీ ఊపితే అసలు చప్పుడే లేదు. లోపల గోధుమ రంగు జిగురు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున కూడా కాస్త ఆయిల్ ఉంది. కాగితం ఎగురుతోంది. నీలం పొగ లేదు, క్లచ్ జారట్లేదు. టాపెట్ కవర్ బోల్టులు ఇంకాస్త బిగిస్తే సరిపోదా, లేక ప్యాకింగ్ మార్చాల్సిందేనా?

ఉప్పల్_గ్యారేజ్
బిగించొద్దు సార్. అవి 6 మిల్లీమీటర్ల బోల్టులు, అల్యూమినియంలో తిరుగుతాయి. ఇలాంటి వాటికి సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లే. చేతి బలంతో లాగితే మర ఊడిపోతుంది, లేదా కవర్ వంగుతుంది. పన్నెండేళ్ల వేడికి ప్యాకింగ్ ప్లాస్టిక్ ముక్కలా గట్టిపడి ఉంటుంది, ఇంకెంత నొక్కినా సాగదు.

మార్చే పద్ధతి ఇది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కాయిల్స్ నాలుగూ వాటి వరసలోనే పక్కన పెట్టండి. స్పార్క్ ప్లగ్ గుంతల్లో ఆయిల్ ఉందేమో టార్చితో చూడండి. ఉంటే ట్యూబ్ సీళ్లు కూడా పోయినట్టే, ప్యాకింగ్‌తో పాటు వాటినీ తెప్పించండి. కొన్ని కంపెనీల సెట్‌లో అవి రావు, విడిగా అడగాలి. గుంతలో ఆయిల్ ఉండగా ప్లగ్ విప్పకండి, అదంతా సిలిండర్‌లోకి దిగుతుంది. ముందు గుడ్డతో పీల్చి తీయాలి.

బోల్టులు బయటినుంచి లోపలికి, కొద్దికొద్దిగా వదులు చేయాలి. కవర్ అతుక్కుని రాకపోతే రబ్బరు సుత్తితో పక్కనుంచి తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అల్యూమినియం మీద గీత పడుతుంది, ఆ గీతే రేపటి లీకు. పాత సిలికాన్ ప్లాస్టిక్ గరిటెతో గీకండి. ఉప్పు కాగితం వాడొద్దు, ఆ రేణువులు క్యామ్ బేరింగుల్లోకి వెళ్తాయి. చైన్ వైపు తెరిచి ఉన్న చోట శుభ్రమైన గుడ్డ కుక్కి పని చేయండి, పని అయ్యాక దాన్ని తీయడం మరవొద్దు.

ప్యాకింగ్ గాడి, హెడ్ అంచు రెండూ బ్రేక్ క్లీనర్‌తో పొడిగా తుడవాలి. ప్యాకింగ్ పొడిగానే కూర్చోబెట్టాలి, గ్రీజు వద్దు. సిలికాన్ మాత్రం రెండే చోట్ల: చైన్ కవర్, హెడ్ కలిసే రెండు మూలల్లో, మూడు నాలుగు మిల్లీమీటర్ల బొట్టు. మీ లీకు సరిగ్గా ఆ మూలనుంచే వస్తోంది. మన దగ్గర చాలామంది ప్యాకింగ్ చుట్టూ అనబాండ్ (సిలికాన్ జిగురు) పూసేస్తారు. లోపలివైపు పిండుకున్న సిలికాన్ తెగి చాంబర్‌లో పడి, ఆయిల్ పంపు జాలిని మూసేస్తుంది. లీకు ఆపబోయి ఇంజన్ పట్టేసుకునే ప్రమాదం అది.

బొట్టు పెట్టిన ఐదు నిమిషాల్లో కవర్ కూర్చోవాలి. బోల్టులు ఈసారి మధ్యనుంచి బయటికి, మొదట 4 న్యూటన్ మీటర్లు, తర్వాత మీ బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్. రాత్రంతా వదిలేసి మర్నాడు స్టార్ట్ చేయండి. సిలికాన్ గట్టిపడేది గాలిలోని తేమతో. వానాకాలంలో త్వరగా అవుతుంది, మే నెల పొడి ఎండలో ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి.

పీసీవీ కడిగి వాడకండి, కొత్తది వేయండి. దాని హోస్ నొక్కి చూడండి, చప్పబడి ఉన్నా, లోపల పొరలు ఊడినా అది కూడా మార్చాలి.

సీల్_అండ్_షాఫ్ట్
స్విచ్ సంగతి నేను చెప్తాను. పార్ట్ నంబరుతోనే కొనండి. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో సైజు చూపిస్తే ఓ-రింగులు, ఆయిల్ సీళ్లు దొరుకుతాయి కానీ స్విచ్ అలా కొనకూడదు. ఎంత ప్రెషర్‌కు లైటు ఆరాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది.

లోతు సాకెట్‌తో విప్పండి, పానాతో పక్కనుంచి లాగితే ప్లాస్టిక్ తల విరుగుతుంది. చాలావాటికి మర కొసకు వచ్చేకొద్దీ సన్నబడుతుంది. గట్టిగా బిగిస్తే అల్యూమినియం బ్లాక్ పగులుతుంది, 13 నుంచి 15 న్యూటన్ మీటర్లు దాటొద్దు. మర మీద సీలెంట్ పల్చగా రాయండి, మొదటి రెండు చుట్లు వదిలేయాలి. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. ఒకే వైరున్న స్విచ్‌కు ఎర్త్ దాని ఒంటిమీదుగా బ్లాక్‌కు వెళ్తుంది, టేపు మందమైతే లైటు పనిచేయదు. తెగిన టేపు పోగులు ఆయిల్ దారిలో పడతాయి కూడా. కనెక్టర్ లోపలి ఆయిల్‌ను ఎలక్ట్రికల్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టండి, లేదంటే వైరు వెంట పైకి పాకుతుంది. అంతా అయ్యాక ఇగ్నిషన్ ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా చూడండి. లైటు వెలగాలి, స్టార్ట్ చేశాక రెండు మూడు సెకన్లలో ఆరాలి.

బోడుప్పల్_డీజిల్
ఇదే థ్రెడ్ చదివే మిగతావాళ్లకు: మీకు ఆయిల్ మార్చిన వెంటనే లీకు మొదలైతే ఇంత దూరం రానక్కర్లేదు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు బ్లాక్‌కే అతుక్కుని, దాని మీద కొత్తది బిగించారేమో చూడండి. రెండు రింగుల మీద ఫిల్టర్ నిలబడదు, ఒక్కసారిగా ఆయిలంతా పోతుంది. డ్రెయిన్ ప్లగ్ వాషర్ ఒక్కసారికే, ప్రతిసారీ కొత్తది వేయమనండి. స్పీడ్ బ్రేకర్‌కు కొట్టుకున్న చాంబర్‌కు ఎం-సీల్ పెట్టడం ఇంటికి చేరడానికి మాత్రమే పనికొస్తుంది. పై గీత దాటి ఆయిల్ పోసినా లీకు పెరుగుతుంది.

నాగోల్_డ్రైవ్
పీసీవీ, దాని హోస్, టాపెట్ ప్యాకింగ్, ట్యూబ్ సీళ్లు, స్విచ్ అన్నీ మార్చి 700 కిలోమీటర్లయింది. రెండు, మూడు నంబర్ల గుంతల్లో కాస్త ఆయిల్ ఉండింది, తుడిచాం. కాగితం ఇప్పుడు అతుక్కుంటోంది. వాసన పోయింది. డిప్‌స్టిక్ పై గీత దగ్గరే ఉంది. కానీ క్లచ్ సైడు కింద రెండు మూడు రోజులకొక చుక్క ఇంకా పడుతోంది. సీల్ కూడా పోయిందా?

సీల్_అండ్_షాఫ్ట్
పని అయ్యాక ఆ అతుకు మళ్లీ కడిగారా? బెల్‌హౌసింగ్ (క్లచ్ చుట్టూ ఉండే లోహపు గుల్ల) పక్కటెముకల మధ్య నిలిచిన పాత ఆయిల్ వారాల తరబడి దిగుతూనే ఉంటుంది. చుక్కను టిష్యూ మీద పట్టండి. నల్లగా, దుమ్ముతో ఉంటే పాతది. డిప్‌స్టిక్ మీది కొత్త ఆయిల్ రంగులోనే ఉంటే లీకు ఇంకా నడుస్తోందని అర్థం.

నాగోల్_డ్రైవ్
కడగలేదు. చుక్క చాలా నల్లగా, గరుకుగా ఉంది. డిప్‌స్టిక్ మీద లేత గోధుమ రంగు.

ఉప్పల్_గ్యారేజ్
అయితే పాతదే. అతుకు కింద బ్రేక్ క్లీనర్ కొట్టి తుడిచి, పౌడర్ వేసి, అట్టపెట్టె పరిచి ఇంకో 500 కిలోమీటర్లు నడపండి. పౌడర్ పొడిగా ఉంటే షీల్డు బిగించేయండి. కడిగిన నీళ్లు, ఆయిల్ గుడ్డలు సెల్లార్ డ్రెయిన్‌లోకి పోనివ్వకండి. నేల మీది మరకకు రంపపు పొట్టు చల్లి ఒక రాత్రి ఉంచి, ఊడ్చాక డిటర్జెంట్ పొడి, వేడినీళ్లతో రుద్దితే చాలావరకు పోతుంది.